హీట్ గన్ కొనేముందు గాలి లెక్క

1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పుడు హైదరాబాద్ మాదాపూర్ అంటే సాఫ్ట్‌వేరే. 2023 మార్చి 2న రాయదుర్గంలో 78,000 చదరపు అడుగుల టీ-వర్క్స్ ప్రోటోటైపింగ్ కేంద్రం మొదలయ్యేనాటికి అదే చుట్టుపక్కల వస్తువులు తయారుచేసే సరదా కూడా బాగా పాకింది. ఆదివారం పూట కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోకి దిగి చూడండి. ఒకరు బైకు చక్రం విప్పుకుని కూర్చుంటారు, ఇంకొకరు కారులో డాష్‌క్యామ్‌కి వైరు లాగుతుంటారు, మరొకరు అద్దానికి అంటుకుపోయిన పాత ఫిల్మ్‌తో కుస్తీ పడుతుంటారు. స్పానర్ల సెట్టు, డ్రిల్లింగ్ మెషిన్ అయ్యాక వీళ్లు కొనే మూడో సామాను చాలాసార్లు హీట్ గనే.

కొనేటప్పుడు అందరి కళ్లూ డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉన్న రెండు అంకెల మీదే పడతాయి. 2000 వాట్లు, 600 డిగ్రీలు. పక్కనే చిన్నక్షరాల్లో మూడో అంకె ఒకటుంటుంది, నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి అని. కొన్ని డబ్బాల మీద అది ఉండనే ఉండదు. బండి పనికి కావలసిన గన్‌ను తేల్చేది ఆ మూడో అంకే, దాన్ని వేడితో కలిపి అదుపులో ఉంచే ఏర్పాటే.

హీట్ గన్ విప్పితే లోపల పెద్దగా ఏమీ ఉండదు. వెనక ఒక చిన్న మోటారు, దానికో ఫ్యాను, ముందు గొట్టంలో కాయిల్. ఆ కాయిల్ నైక్రోమ్ తీగ. నికెల్, క్రోమియం కలిపిన ఈ లోహానికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ తీసుకున్నాడు. ఎర్రగా కాలినా ఇది తుప్పుపట్టి రాలిపోదు. పైన క్రోమియం ఆక్సైడ్ పొర పలచగా కమ్ముకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. మామూలు గన్‌లలో ఈ తీగను అభ్రకం రేకుల మీద చుడతారు. మన నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం గనుల నుంచి తవ్వితీసిన కాకిబంగారం ఈ జాతిదే. కరెంటును పోనివ్వదు, వేడికి మాడదు, పలచటి పొరలుగా విడిపోతుంది. ఇలాంటి పనికి ఇంతకంటే ఏం కావాలి! ఖరీదైన గన్‌లలో అభ్రకం బదులు రంధ్రాల పింగాణీ దిమ్మ ఉంటుంది. కింద పడేసినా తీగ చెదిరిపోకుండా అది పట్టి ఉంచుతుంది.

ఇక గాలి లెక్క. ఒకే మంట మీద అరలీటరు పాలు ఇట్టే పొంగుతాయి, అయిదు లీటర్లయితే ఎంతసేపటికీ కాగవు. కాయిల్ మీదుగా పోయే గాలికీ అంతే. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. ఒక గ్రాము గాలి ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు ఒక జౌల్ శక్తి కావాలి. గన్ నిమిషానికి 300 లీటర్ల గాలి తోస్తోందంటే సెకనుకు 6 గ్రాములు. 2000 వాట్లంటే సెకనుకు 2000 జౌళ్లు. 2000ని 6తో భాగిస్తే 333 వస్తుంది. గదిలో 30 డిగ్రీలుంటే, గన్ ముక్కు దగ్గర గాలి 363 డిగ్రీలను దాటే దారే లేదు. గాలిని 500 లీటర్లకు పెంచితే అదే గన్ 230 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. 150 లీటర్లకు తగ్గిస్తే 600 దాటుతుంది.

అంటే డబ్బా మీద 2000 వాట్లు, 600 డిగ్రీలు, 500 లీటర్లు అని రాసి ఉంటే ఆ మూడూ ఒకేసారి నిజం కావు. గాలి తక్కువ ఉన్నప్పుడు 600, గాలి ఎక్కువ ఉన్నప్పుడు 500 లీటర్లు అని చదువుకోవాలి. మంచి తయారీదారులు ఏ గాలి దగ్గర ఏ వేడి అన్నది పట్టికగా ఇస్తారు. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి ఈ భాగహారం చేస్తే డబ్బా మాటలో ఎంత నిజముందో కొట్టు దగ్గరే తేలిపోతుంది.

మన కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. మే నెల సాయంత్రం కాలనీ అంతా ఏసీలు వేసినప్పుడు 230 వోల్టులు 200కు పడిపోతే, 2000 వాట్ల గన్ దాదాపు 1500 వాట్ల గన్ అయిపోతుంది. చౌక గన్‌లలో మోటారుకు కూడా అదే కాయిల్ మధ్య నుంచి కరెంటు తీస్తారు. వోల్టేజి తగ్గితే గాలీ తగ్గుతుంది. చివరికి ముక్కు దగ్గర ఎంత వేడి వస్తుందో దేవుడికే తెలియాలి.

వేడిని అదుపు చేసే పద్ధతుల్లో మూడు మెట్లున్నాయి. అన్నిటికంటే చౌకవాటికి రెండు స్థాయిల స్విచ్ ఒకటే ఉంటుంది. ఒకటి నొక్కితే సుమారు 300, రెండు నొక్కితే 500. రెండో మెట్టులో డయల్ ఉంటుంది, తిప్పితే కాయిల్‌కు వెళ్లే కరెంటు తగ్గుతుంది, పెరుగుతుంది. అయితే లోపల వేడి ఎంతుందో ఆ డయల్‌కు తెలియదు. మూడో మెట్టువాటిలో ముక్కు దగ్గర సెన్సర్ ఉంటుంది. అది గాలి వేడిని ఎప్పటికప్పుడు కొలుస్తుంటే సర్క్యూట్ కాయిల్‌ను సరిచేస్తుంటుంది. 120 పెడితే 120 దగ్గరే నిలుస్తుంది, వోల్టేజి ఎగిరిపడినా సరే. బండి పనుల కోసం కొనేవాళ్లు డబ్బు పెట్టాల్సింది ఈ సెన్సర్ మీదే. వెయ్యి, పదిహేను వందలకు దొరికే గన్ పాత పెయింటు ఊడగొట్టడానికి చక్కగా చాలు. కారు మీద వినైల్ అంటించడానికి మాత్రం అది వద్దని గట్టిగా చెబుతాను.

ఎందుకంటే బండి మీద పనులన్నీ దాదాపు 150 డిగ్రీల లోపే జరుగుతాయి.

వైరు అతుకు సంగతే తీసుకోండి. హారన్, ఫాగ్ ల్యాంప్, డాష్‌క్యామ్, ఏది పెట్టినా రెండు వైర్లు కలిసే చోటొకటి ఉంటుంది. దానికి నల్ల టేపు చుడితే రెండు ఎండాకాలాల్లో జిగురు కారి టేపు జారిపోతుంది. వానాకాలం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర మోకాలి లోతు నీళ్లలో బండి నడిపాక అతుకు లోపల పచ్చగా చిలుము పడుతుంది. దీనికి సరైన మందు హీట్ శ్రింక్ స్లీవ్. మామూలు పాలిథిన్ గొట్టం మీద ఎలక్ట్రాన్ పుంజం ప్రసరిస్తే దాని పొడవాటి అణు గొలుసులు అక్కడక్కడ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ఆ గొట్టాన్ని వేడిచేసి, రెండు మూడు రెట్లు వెడల్పుగా సాగదీసి, సాగిన స్థితిలోనే చల్లారుస్తారు. లోపలి స్ఫటికాలు గడ్డకట్టి ఆ వెడల్పును పట్టి ఉంచుతాయి. మనం మళ్లీ వేడి తగిలించగానే స్ఫటికాలు కరుగుతాయి, ముడిపడ్డ గొలుసులు పాత కొలతకు లాక్కుంటాయి. 1957లో కాలిఫోర్నియాలో పాల్ కుక్ స్థాపించిన రేకెమ్ కంపెనీ ఈ రేడియేషన్ రసాయన శాస్త్రం మీదే ఎదిగింది.

స్లీవ్ ముడుచుకోవడం 90 డిగ్రీల దగ్గర మొదలై సుమారు 120కి పూర్తవుతుంది. కింద ఉన్న వైరు తొడుగు పీవీసీ. రకాన్ని బట్టి అది 70 నుంచి 105 డిగ్రీల వరకే పనికొస్తుంది. అంటే స్లీవ్ పూర్తిగా ముడుచుకునే వేడి వైరు తొడుగుకు ప్రమాదకరమే. అందుకే మెల్లగా, గన్ ఊపుతూ, చెంచాలా వంగిన రిఫ్లెక్టర్ నాజిల్ పెట్టి వేడి చుట్టూ ఒకేసారి తగిలేలా పని చేయాలి. లోపల జిగురు పూసిన స్లీవ్ దొరికితే వానలో తిరిగే బండికి అదే వాడండి. రెండు చివర్లా జిగురు సన్నటి పూసలా బయటికి వచ్చిందంటే లోపల గాలి లేదు, నీరు దూరదు. సిగరెట్ లైటర్‌తో చేసే పనికీ దీనికీ పోలికే లేదు. లైటర్ మంట వెయ్యి డిగ్రీలు దాటుతుంది, ఒకవైపే కాలుస్తుంది, మసి పూస్తుంది.

బైకు చక్రం బేరింగ్ మార్చేవాళ్లకు హీట్ గన్ చేసే మేలు ఇంకా పెద్దది. చాలామంది మెకానిక్‌లు పాత బేరింగ్‌ను సుత్తితో కొట్టి ఊడదీస్తారు, కొత్తదాన్నీ కొట్టే దించుతారు. ఆ దెబ్బలకు హబ్‌లోని గూడు గీసుకుపోతుంది. కొత్త బేరింగ్ గుండ్ల దారిలో సొట్టలు పడి, కొన్నాళ్లకే గుర్రుమనే చప్పుడు మొదలవుతుంది. వేడి ఉంటే సుత్తితో పెద్దగా పనుండదు. అల్లాయ్ హబ్ అల్యూమినియం. డిగ్రీ వేడికి మీటరుకు 23 మైక్రాన్ల చొప్పున వ్యాకోచిస్తుంది. ఉక్కు అందులో దాదాపు సగమే. 42 మిల్లీమీటర్ల గూడును 30 డిగ్రీల నుంచి 110కి తెస్తే అది 0.077 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. కొత్త బేరింగ్‌ను తేమ పట్టకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే అది మరో 0.024 కుంచించుకుంటుంది. రెండూ కలిపితే మిల్లీమీటర్లో పదో వంతు. బేరింగ్ బిగుతంతా మిల్లీమీటర్లో వందో వంతుల లెక్క కాబట్టి ఈ కాస్త తేడాకే అది బొటనవేలి ఒత్తిడికి దిగిపోతుంది. కూర్చున్నప్పుడు టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. తర్వాత క్షణాల్లో వేడి కలిసిపోయి బిగుసుకుంటుంది. వంకరగా పెట్టారా, మళ్లీ మొదటికే.

హబ్‌ను 200 దాటించి అలాగే ఉంచితే అల్లాయ్ గట్టిదనం దిగిపోతుంది, పైన రంగు పసుపు తిరుగుతుంది. కాబట్టి వేడిని కొలిచి తీరాలి. కోవిడ్ రోజుల్లో హైటెక్ సిటీ ఆఫీసుల గేట్ల దగ్గర నుదుటికి గురిపెట్టిన థర్మామీటర్లు ఇందుకు పనికిరావు, అవి మనిషి ఒంటి వేడి చుట్టూ ఉండే కొన్ని డిగ్రీలనే చూపిస్తాయి. 300 దాకా చూపించే పారిశ్రామిక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనుక్కోవాలి. అందులోనూ ఒక చిక్కుంది. మెరిసే లోహం తన వేడికి తగినంత ఇన్‌ఫ్రారెడ్ వెలువరించదు. 110 డిగ్రీలున్న మెరుపు అల్యూమినియం మీద గురిపెడితే 45 అని చూపించవచ్చు. ఆ చోట ఒక ముక్క మాస్కింగ్ టేపు అంటించి టేపు మీద గురిపెడితే నిజం తెలుస్తుంది. గన్ నుంచి వచ్చే గాలి వేడిని మాత్రం ఈ పరికరం అసలు కొలవలేదు, అది చూసేది ఉపరితలాన్నే.

సన్ ఫిల్మ్ దగ్గరికొస్తే, హైదరాబాద్ ఎండను తలుచుకున్న ప్రతి కారు యజమానీ ఎప్పుడో ఒకప్పుడు ఈ పనిలో పడతాడు. కారు అద్దాల్లోంచి ముందూ వెనకా కనీసం 70 శాతం, పక్కల కనీసం 50 శాతం వెలుతురు రావాలని మోటారు వాహనాల నిబంధన. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాల మీద ఫిల్మ్ అంటించడాన్నే కాదన్న తర్వాత ట్రాఫిక్ పోలీసులు రోడ్డు మీదే నల్ల ఫిల్మ్‌లు పీకించారు. చలువగా ఉన్న అద్దం మీంచి ఫిల్మ్ లాగితే ప్లాస్టిక్ ఒక్కటే వస్తుంది, జిగురంతా అద్దానికే ఉండిపోతుంది. చేతికి బాగా సుర్రుమనేంత, అంటే 60, 70 డిగ్రీల దాకా వేడిచేసి ఒక మూల నుంచి నిదానంగా లాగితే జిగురు మెత్తబడి ఫిల్మ్‌తో పాటే లేచి వస్తుంది. ఇంకా వేడి పెంచితే ఫిల్మ్ ముడుచుకుని రెండూ విడిపోతాయి, శ్రమ రెట్టింపవుతుంది. వెనక అద్దం మీద డీఫాగర్ గీతలుంటాయి. అక్కడ బ్లేడు పెట్టవద్దు. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది, టెంపర్ చేసింది కాదు. ఒకే చోట వేడి నిలిపినా, వేడి మీద చన్నీళ్లు పోసినా చీలిక ఇస్తుంది.

రంగు మార్చే వినైల్ రాపింగ్‌కు ఇంకా సున్నితమైన అదుపు కావాలి. వంపుల మీద వినైల్‌ను సాగదీసేందుకు గోరువెచ్చదనం చాలు. అంతా అయ్యాక అంచుల్ని సుమారు 90 నుంచి 110 డిగ్రీల దాకా మరోసారి వేడిచేయాలి. ఆ వేడి తగలకపోతే సాగిన వినైల్ తన పాత ఆకారానికి లాక్కుంటూ బంపర్ మూలల్లో లేస్తుంది. రీపెయింట్ చేసిన తలుపు మీద పని చేస్తుంటే మరీ జాగ్రత్త. ఫ్యాక్టరీలో వేసిన రంగు సుమారు 140 డిగ్రీల దగ్గర కాలి గట్టిపడింది. బయటి షెడ్డులో వేసిన రంగు 60 డిగ్రీల బూత్‌లో ఆరింది. వేడెక్కినప్పుడు వినైల్‌తో పాటు ఆ రంగూ లేచి రావచ్చు.

ఎలక్ట్రానిక్స్ బోర్డు మీద చిప్ తీయడానికి ఇదే గన్ వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. వాడకండి. టిన్-లెడ్ సోల్డర్ 183 డిగ్రీలకు, లెడ్ లేనిది సుమారు 217కు కరుగుతుంది. వేడి పరంగా గన్‌కు అది సులువే. కానీ 300 లీటర్ల గాలికి బియ్యపు గింజలో పదో వంతు ఉండే కెపాసిటర్లు ఎగిరిపోతాయి. మొబైల్ రిపేర్ షాపుల్లో ఉండే హాట్ ఎయిర్ స్టేషన్ గాలి అందులో కొంత భాగమే, నాజిల్ పెన్సిల్ అంత.

ప్రమాదాల దగ్గర నేను మొహమాటం లేకుండా చెబుతాను. హీట్ గన్ ముందు నుంచి ఊదుతుంది, వెనక నుంచి పీలుస్తుంది. కార్బురేటర్ విప్పిన చోటో, థిన్నర్ డబ్బా మూత తీసిన చోటో గన్ వేస్తే ఆ ఆవిరి వెనక నుంచి లోపలికి పోయి ఎర్రటి కాయిల్‌ను తాకుతుంది. పెట్రోలు ఆవిరి 250, 280 డిగ్రీల మధ్య తనంతట తానే అంటుకుంటుంది. నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. సెల్లార్‌లో ఈ ఆవిరి నేలబారున పేరుకుంటుంది, ఎందుకంటే అది గాలికంటే బరువు.

లిథియం బ్యాటరీ ప్యాక్ మీద స్లీవ్ బిగించేవాళ్లు కూడా పెరిగారు. సెల్‌లోని పాలిథిన్ పొర సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అది పోతే ధన రుణ ధ్రువాలు లోపలే కలుస్తాయి. తయారీదారులు 60 డిగ్రీల దగ్గరే గీత గీస్తారు. ప్యాక్‌కు వేసే పీవీసీ స్లీవ్ తక్కువ వేడికే ముడుచుకుంటుంది. తక్కువ వేడి, ఎక్కువ గాలి పెట్టి, ఒక్క చోట కూడా గన్ నిలపకుండా తుడిచినట్టు తిప్పాలి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైనున్న హోటల్‌ను కమ్మి 8 మంది చనిపోయారు. అపార్ట్‌మెంట్ కింద బ్యాటరీలతో పని పెట్టుకునేవాళ్లు ఆ రోజును గుర్తుంచుకోవాలి. చేతనైతే ఆ పని సెల్లార్‌లో కాకుండా ఆరుబయట పెట్టుకోండి.

కారు అడుగున తుప్పు పట్టకుండా పూసే పూత చాలావరకు పీవీసీ రకం. 200 దాటి కాలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది, గొంతు మండుతుంది. తాతల నాటి ఇనప గేటుకో, బీరువాకో ఉన్న పాత పెయింటులో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం పది లక్షల్లో 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే వచ్చింది. అమెరికాలో సీసపు పెయింటు మీద 593 డిగ్రీలు దాటే గన్ వాడకూడదని నిబంధన. అంత వేడికి సీసం పొగగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ పని అసలు వద్దు.

ప్లగ్గు విషయం చాలామంది ఇంటికి వెళ్లాకే గమనిస్తారు. 2000 వాట్ల గన్ 8.7 ఆంపియర్లు లాగుతుంది. బాల్కనీలో, హాల్లో ఉండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అది మోయగలిగేది 1380 వాట్లు. గీజర్‌కు, ఏసీకి ఉండే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే దీనికి కావాలి. సెల్లార్‌కు ఎక్స్‌టెన్షన్ లాగితే వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చుట్ట పూర్తిగా విప్పి వాడాలి, చుట్టలో వైరు తన వేడికి తనే మెత్తబడుతుంది. ఈ గొడవంతా ఎందుకని బ్యాటరీ గన్ వైపు చూసేవాళ్లకు ఒక చిన్న లెక్క. 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 90 వాట్-అవర్లు. 300 వాట్లతో నడిస్తే 18 నిమిషాలు. దారిలో ఆగిన బండి వైరు అతుకుకు అది బంగారం లాంటి సాధనం. వినైల్‌కు, హబ్‌కు చాలదు.

కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా వెళ్లే ఓపిక ఉంటే వెళ్లండి. అక్కడి టూల్స్ కొట్లలో గన్‌ను ప్లగ్‌లో పెట్టి చూపించమంటే చూపిస్తారు. కనిష్ఠ వేడి 50, 60 డిగ్రీల నుంచి మొదలవుతుందా, గాలిని వేడితో సంబంధం లేకుండా విడిగా తగ్గించవచ్చా, బల్ల మీద ముక్కు పైకి పెట్టి నిలబెడితే కదలకుండా నిలుస్తుందా చూడండి. బేరింగ్ పనిలో రెండు చేతులూ హబ్ మీదే ఉంటాయి, అప్పుడు గన్ తనంతట తాను నిలబడాలి. రిఫ్లెక్టర్, చదును నాజిళ్లు డబ్బాలోనే ఉన్నాయా, విడిగా దొరికితే ముక్కు కొలతకు సరిపోతాయా అడగండి. రెండు నిమిషాలు నడిపించి, డయల్‌ను సున్నా వైపు తిప్పినప్పుడు ఫ్యాను ఆగకుండా చల్లగాలి వస్తోందో లేదో అరచేయి దూరంగా పెట్టి గమనించండి. పని అయ్యాక ఎర్రటి కాయిల్‌ను అలా చల్లార్చి ఆపే సౌకర్యం లేని గన్‌ను, ఎంత తగ్గించి ఇస్తానన్నా, కొట్లోనే వదిలేయండి. వేడి మీదే ఆపేస్తే ఆ వేడంతా వెనక్కి మళ్లి ఫ్యానును, మోటారు బుష్‌ను కాలుస్తుంది, ఏడాది తిరిగేసరికి మళ్లీ కొట్టుకు రావాల్సి వస్తుంది.